బిల్లు మీద విండోస్ లైసెన్స్ ఏ రకమో రాయించండి

సంపాదకుడు గారికి,

పాత కంప్యూటర్ పారేయక్కర్లేదు, పార్టులు మారిస్తే చాలని పోయిన వారం మీరు వేసిన ఐటమ్ చదివి నాలుగు రోజులు ఊరుకున్నా, ఇక ఉండబట్టక రాస్తున్నా. ర్యామ్, ఎస్‌ఎస్‌డీల గురించి అంతేసి రాసి, విండోస్ సంగతి వచ్చేసరికి "పాత లైసెన్సే సరిపోతుంది" అని ఒక్క ముక్కతో వదిలేశారు. ఏ లైసెన్స్ అండీ?

ర్యామ్, డిస్క్ మార్చినంతవరకు ఇబ్బంది లేదు. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది, 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, అది లేని పాత మెషీన్ల వాళ్లు మదర్‌బోర్డు (పార్టులన్నీ బిగించే ముఖ్యమైన పలక), ప్రాసెసర్ మార్చేస్తున్నారు. చిక్కంతా అక్కడే. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది, బోర్డుతోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ అయితే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. ఆఫీసులకిచ్చే వాల్యూమ్ లైసెన్స్ మన సొంతానికి కానే కాదు, కేఎంఎస్ (ఆఫీసు సర్వరే లైసెన్స్‌ని ఖాయం చేసే) పద్ధతిదైతే 180 రోజుల్లోపు ఆ సర్వర్‌కి కనెక్ట్ అవకపోతే యాక్టివేషన్, అంటే లైసెన్స్ ఉందన్న గుర్తింపు, పోతుంది.

నిరుడు మా పిల్లాడి కంప్యూటర్‌కి బోర్డు మార్పించా. ఆన్ చేస్తే కుడివైపు కింద మూలన "యాక్టివేట్ విండోస్" అని బూడిదరంగు అక్షరాలు. హార్డ్‌వేర్ ఈమధ్యే మార్చాను అనే ఆప్షన్ నొక్కి చూశా, కుదర్లేదు. కంప్యూటర్ అమ్మినాయన్ని అడిగితే "ఒరిజినలే సార్" అంటాడు, ఒరిజినల్ కాదని నేనన్నానా, ఏ రకమో ముందే చెప్పి ఉండాల్సింది అన్నా. బిల్లు వెతికి తీస్తే "విండోస్‌తో సహా" అని ఉంది, అంతే. మళ్లీ డబ్బు పెట్టి లైసెన్స్ కొన్నా.

కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్, స్పేస్, స్లాష్ డీఎల్‌ఐ (slmgr /dli) అని కొడితే ఓఈఎం ఛానెలో రిటైల్ ఛానెలో చిన్న విండోలో వస్తుంది. బోర్డు విప్పకముందు ఇది చూసుకోమని మీ ఐటమ్‌లో ఒక్క లైను ఉంటే ఎంతమందికి డబ్బు మిగిలేది!

అధికారుల్ని ఏమనాలో తెలీదు. వినియోగదారుల హక్కులని పోస్టర్లు అంటిస్తారు, సభలు పెడతారు, మందు సీసా మీద గడువు తేదీ ఉండాలంటారు, ఇంత ఖరీదు పెట్టి కొన్న వస్తువులో ఏ లైసెన్స్ ఉందో బిల్లు మీద రాయించడం మాత్రం వాళ్లకి పట్టదు. కంప్యూటర్లంటే తెలిసినవాళ్ల గొడవ అనుకుంటున్నారేమో, ఇప్పుడు కంప్యూటర్ లేని ఇల్లెక్కడుంది? వాళ్లు కదిలేదాకా మీరైనా ఆ ఐటమ్‌ని సరిచేసి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో మళ్లీ వేయండి.

— ఒక పాఠకుడు