మార్చామన్న ఈసీఎం మారలేదు: రూ.18,500 తిరిగి ఇప్పించండి

విజయవాడ,
2 జూన్ 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ విజయవాడ వర్క్‌షాప్‌లో నా శాంత్రో కారుకు వేసిన ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా) బిల్లు గురించి.

అయ్యా,

నాది 2007 మోడల్ శాంత్రో జింగ్, పెట్రోల్ బండి. మే 6న మిట్టమధ్యాహ్నం మా అమ్మను ఇబ్రహీంపట్నం తీసుకెళ్తుంటే దుర్గ గుడి ఫ్లైఓవర్ మీద ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవట్లేదు. అరగంట ఆగి కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. మర్నాడూ అదే వరస. ఎండల్లో అమ్మతో ఈ టెన్షన్ ఎందుకని బండిని మీ వర్క్‌షాప్‌లో ఇచ్చాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా ఇంటి ముందు ఈ కారు సీట్ల దాకా నీళ్లలో ఉందని మీ అడ్వైజర్‌కు నేనే చెప్పాను. ఆ మాట వినగానే ఆయన, "అయితే ఈసీఎం పోయినట్టే సార్. బోర్డులోకి తేమ చేరి ఉంటుంది. రిపేరు కాదు, మార్చాల్సిందే" అన్నారు. వరదలో మునిగిన పాత బండి కాబట్టి అలా అనుమానించడంలో తప్పేమీ లేదు. నేనూ నమ్మాను. మే 10న బండి ఇస్తూ "ఈసీఎం మార్పిడి, ప్రోగ్రామింగ్" అని రాసి మొత్తం 18,500 రూపాయలు తీసుకున్నారు. బిల్లులో పార్ట్ నంబరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పాత ఈసీఎం ఇవ్వమంటే ఎక్స్ఛేంజ్ కింద వెనక్కి పంపేశామన్నారు.

తొమ్మిది రోజులు తిరిగింది. మే 19న బెంజ్ సర్కిల్ దగ్గర మళ్లీ ఆగింది. అదే ఎండ, అదే లక్షణం.

ఈసారి ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. వరద తర్వాత బండి వైరింగ్ అంతా ఆరబెట్టి సరిచేసింది ఆయనే. ఆయన బానెట్ ఎత్తి, క్రాంక్ సెన్సార్ మీద తడిగుడ్డ వేసి, కాసేపు ఆగి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పేది ఆ సెన్సారే. వేడెక్కి దాని సిగ్నల్ ఆగిపోతే స్పార్కు రాదు, పెట్రోలూ పడదు. చల్లారితే మళ్లీ మామూలే. కొత్త సెన్సారుకు, పనికి కలిపి 1,700 అయింది. ఇప్పటికి రెండు వారాలుగా రోజూ ఎండలో తిరుగుతున్నా బండి ఎక్కడా ఆగలేదు.

ఆ రోజే "కొత్త ఈసీఎం ఏది, చూద్దాం" అని ఆయన డ్యాష్‌బోర్డు కింది కవర్ తీశాడు. చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వరదప్పుడు ఆ డబ్బా అంచున చిన్న సందు కనిపిస్తే ఆయన ఎం-సీల్ పెట్టి బొటనవేలితో నొక్కాడు. ఆ ముక్క, దాని మీద ఆ వేలిముద్ర, అలాగే ఉన్నాయి. ఏ వైరు ఎక్కడిదో గుర్తుండటానికి అప్పట్లో నా ఫోన్‌లో తీసుకున్న ఫొటోలు కూడా తెరిచి చూశాం. స్టిక్కర్ మీది సీరియల్ నంబరు అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

మార్చలేదు గానీ బోర్డు రిపేరు చేశామని మీవాళ్లు అనవచ్చు. అలాగైతే బిల్లులో మార్పిడి అని ఎందుకు రాశారు? ఎక్స్ఛేంజ్‌లో పంపామన్న డబ్బా నా కారులోనే ఎలా ఉంది? ఇంకో సంగతి. మీరు బిల్లుతో పాటు ఇచ్చిన స్కానర్ కాగితాన్ని నేను ఆ రోజు చదవలేదు, చదివినా అర్థమయ్యేది కాదు. బండిలో లోపం ఎక్కడుందో చెప్పే కోడ్ అందులో ఉన్నది ఒక్కటే, పి0335. అది క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌ది. సెన్సారో, దాని వైరో, చివరికి ఈసీఎమ్మో ఏదైనా కావచ్చు, నిజమే. కానీ చవకైన సెన్సార్‌ను ముందు చూడకుండా నేరుగా 18,500 దగ్గరికి ఎలా వెళ్లారు?

మే 21న వర్క్‌షాప్‌కు వెళ్లి అడిగితే మేనేజర్ గారు "పాత బండి కదా సార్, ఒకటి పోతే ఒకటి వస్తుంది" అన్నారు. బండి పాతదే. బిల్లు మాత్రం కొత్తదే కదండీ.

నా కారుకు వేశామంటున్న ఈసీఎం సీరియల్ నంబరు, దాన్ని కొన్న బిల్లు, పాతది వెనక్కి పంపినట్టు రుజువు చూపించండి. అవి లేకపోతే నా 18,500 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు, స్కానర్ కాగితం, 2024 నాటి ఫొటో, మే 19 నాటి ఫొటో, సెన్సార్ రసీదు జత చేశాను. ఆ ఎం-సీల్ ముక్కను కదపలేదు. మీ ఇన్‌స్పెక్టర్ ఎవరైనా మా ఇంటికొచ్చి చూసుకోవచ్చు. ఒకరోజు ముందు ఫోన్ చేస్తే చాలు, ఎలక్ట్రీషియన్‌ను కూడా రమ్మంటాను.

ఇట్లు,
కారు యజమాని,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ