మా కౌలు రైతుల మాటలు తిరిగి దక్కాయి, కృతజ్ఞతలు

ఇద్దరికి అందరి ముందూ ధన్యవాదాలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి తమ్ముడు, టీచరమ్మ గారు అనే రాస్తాను.

కోనసీమ కౌలు రైతులతో మా మిత్రబృందం మాట్లాడి రాసిపెట్టుకున్న సంభాషణలు చాలానే ఉన్నాయి. 2011 ఖరీఫ్‌లో పంట విరామం నాటి సంగతులు, ఆ ఏడాది వచ్చిన చట్టంతో చేతికందిన రుణ అర్హత కార్డులు, 2019 చట్టం తర్వాత సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల) కార్డు కోసం భూమి యజమాని సంతకానికి తిరగడాలు, అన్నీ వాళ్ళ మాటల్లోనే. చెప్పినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. చాలా రికార్డింగులు పాత ఫోన్లతోపాటే పోయాయి. మిగిలినవి ఆ టెక్స్ట్ ఫైళ్ళే.

వాటిలో ఏదైనా మాట వెతికితే సగమే దొరుకుతోందని బృందంలో ఒకరు బాగుచేయబోయారు. ‘బోర్‌వెల్’ లాంటి మాటలో ‘ర్’ విడిగా నిలబడడానికి కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. దాన్ని తీసేద్దామని లినక్స్‌లో అక్షరాలు తీసేసే టీఆర్ అనే కమాండ్‌ను ఫోల్డర్ మొత్తం మీద నడిపారు. కొత్తగా వచ్చింది అసలు ఫైళ్ళ మీదే పడింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఆన్‌లైన్ బ్యాకప్ కూడా తనంతట తానే పాడైన కాపీలను దాచుకుంది.

ఫైలు తెరిస్తే ప్రతి వరుసలో నల్లటి ప్రశ్నార్థకాలు. ‘నీరు’ లేదు, ‘తీరం’ లేదు, ‘కౌలు’ అసలే లేదు. ఆ రోజు మాకు పట్టిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, మాకు అంతకుముందు పరిచయం కూడా లేదు. విషయం వినగానే అతను చెప్పిన మొదటి మాట: “ఏ ఫైలూ తెరిచి సేవ్ చేయకండి.” సేవ్ చేస్తే ఎడిటర్ ఆ విరిగిన బైట్ల (కంప్యూటర్ అక్షరాన్ని దాచుకునే అంకెల) బదులు ప్రశ్నార్థకం గుర్తునే నిజంగా రాసేస్తుందట. అప్పుడు వెనక్కి తెచ్చుకోవడానికి ఆధారమే మిగలదు. ముందు ఫోల్డర్‌కి నకలు తీసి, పాడైన ఫైళ్ళను ఎవరూ మార్చకుండా లాక్ చేయించాడు.

తర్వాత ఓపిగ్గా వివరించాడు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఆ కనబడని అక్షరం మూడు బైట్లు: 226, 128, 140. సెడ్ అనే ఇంకో కమాండ్ అయితే ఆ మూడూ వరుసగా ఉన్న చోటే తీసేది. ఆ మెషీన్‌లోని టీఆర్ అలా కాదు, ఆ మూడిట్లో ఏ బైటు ఎక్కడ కనబడినా తీసేస్తుంది. మన గుడి దీర్ఘం 224, 177, 128. ఔత్వం 224, 177, 140. అందుకే ఈ రెంటికీ చివరి బైటు ఊడిపోయింది, మిగతా అక్షరాలు దాదాపు అన్నీ బతికాయి. 224, 177 తర్వాత 128 నుంచి 191 లోపు బైటు రావాలి. అక్కడ ఖాళీ గానీ ఇంకో 224 గానీ ఉంటే ఏదో ఊడిందన్నమాట. అలా ప్రతి గాయాన్నీ వెతికి పట్టుకునే చిన్న ప్రోగ్రాం రాశాడు.

ఒకటి మాత్రం అతను చూడకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ‘మరీ…’ అని రైతు మాట ఆపిన చోట, మూడు చుక్కల గుర్తులో మిగిలిన 166 అనే బైటు వచ్చి ముందున్న 224, 177లకు అతుక్కుంది. ఆ మూడూ కలిస్తే తెలుగు అంకె సున్నా! చూడడానికి ‘మరం’ లాగే ఉంటుంది. ఏ పరీక్షకూ తప్పుగా దొరకదు. అలాంటి వాటిని విడిగా ఏరాడు.

ఊడింది గుడి దీర్ఘమా ఔత్వమా అన్నది మాత్రం బైట్లు చెప్పలేవు. తెలుగులో గుడి దీర్ఘమే ఎక్కువ కాబట్టి ముందు అన్ని చోట్లా అదే పెట్టాడు. దాంతో కౌలు రైతులందరూ ‘కీలు రైతులు’ అయ్యారు, చౌడు నేల ‘చీడు నేల’ అయింది, చెప్పేవాళ్ళు ఆగిన ప్రతిచోటా మేము రాసుకున్న ‘మౌనం’ కాస్తా ‘మీనం’ అయింది.

ఇక్కడే టీచరమ్మ గారు వచ్చారు. తెలుగు పంతులమ్మగా రిటైరై, కళ్ళ ఆపరేషన్ అయి ఎంతో కాలం కాకపోయినా పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించుకుని చదివారు. చౌడు, చౌక, పౌరసరఫరాలు, గౌరవం అంటూ ఔత్వం ఉన్న మాటల జాబితా ఇచ్చారు, తమ్ముడు వాటిని ఒకేసారి సరిచేశాడు. కీలు, కౌలు లాంటివి మాత్రం మాట మాటకీ ఆవిడే తేల్చారు. ఒక పెద్దాయన ఒకే సంభాషణలో కౌలు గురించీ తన మోకాలి కీలు గురించీ చెప్పారు. అక్కడ ఏది ఏదో ఆ వాక్యం చదివిన మనిషే చెప్పగలరు. పోయిన కనబడని అక్షరాలను కూడా ‘కలెక్టర్‌కు’, ‘బ్యాంక్‌లో’ అంటూ తిరిగి ఎక్కడ పెట్టాలో గుర్తులు పెట్టి ఇచ్చారు. ఇద్దరూ పైసా తీసుకోలేదు.

తమ్ముడూ, టీచరమ్మ గారూ, మీరు నిలబెట్టింది వాళ్ళ గొంతులను. పోయిన వాళ్ళ పిల్లలకు ఈ వారం ప్రింట్లు ఇచ్చి వచ్చాం. మీ ఇద్దరి సంగతి కూడా చెప్పాం.

తమ్ముడు చెప్పకముందే కొన్ని ఫైళ్ళు ఎవరో తెరిచి సేవ్ చేసేశారు. అవి ఇంకా బాగుపడలేదు. గతంలో మా దగ్గర ఈ సంభాషణలు మెయిల్‌లో తీసుకున్నవాళ్ళు ఉంటే దయచేసి ఆ అటాచ్‌మెంట్‌ను తెరవకుండా అలాగే మాకు పంపండి.