పోస్టు పోతే ఊరి సంగతులూ పోవాలా?

సంపాదకులకు,

తెలంగాణలో భూ రికార్డుల కొత్త చట్టం భూ భారతి వచ్చాక గ్రామాలకు జీపీవోలనూ (గ్రామ పాలన అధికారులను) వేశారు. మంచిదే. అయితే వాళ్లకు ఊరి గురించి ఎవరు ఏం అప్పగించారని ఎవరూ అడగడం లేదు.

2020 సెప్టెంబరు 7న వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) దగ్గరున్న రికార్డులు అదే రోజు స్వాధీనం చేసుకోవాలని ఆదేశాలొచ్చాయి. వారం తిరగకముందే వీఆర్వో పోస్టుల రద్దుకు శాసనసభ ఆమోదం, అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి. ఏ పొలం ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే పహాణీలు తహసీల్ ఆఫీసుకు చేరాయి. వాటిలో రాయని సంగతులు మాత్రం వీఆర్వోల దగ్గరే ఉండిపోయాయి. 2022లో లాటరీ తీసి వాళ్లను తలో శాఖకు పంపేశారు. వీఆర్వోల మీద జనానికి ఉన్న కోపం ఊరికే రాలేదు, అది ఒప్పుకుంటాను. కానీ లంచగొండిని పంపించేటప్పుడైనా అతనికి తెలిసింది రాయించుకుని పంపాలి కదా!

రాయనిదంటే ఏమిటో చెబుతాను. సేత్వార్ (మొదటి సర్వే నాటి మూల రికార్డు) ప్రకారం ఒక సర్వే నంబరు విస్తీర్ణం 12 ఎకరాల 20 గుంటలనుకోండి. కాలువ కింద పోయిన ఎకరాన్ని సర్కారు పేర ఎక్కించారు, పరిహారం తీసుకున్న రైతు ఖాతాలో మాత్రం తగ్గించలేదు. ఆ సర్వే నంబరును విడగొట్టిన బై నంబర్లన్నీ కూడితే 13 ఎకరాల 20 గుంటలు తేలుతుంది. ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు దీన్ని. ఆ ఎకరం ఎవరి చెక్కలోంచి పోయిందో వీఆర్వోకు తెలుసు, పాతవాళ్లు చెప్పబట్టి. ఆయన వెళ్లిపోయాక ఎవరిది తగ్గించాలో తేల్చేవాళ్లు లేక, ఏ లొసుగూ లేని పక్క రైతుల పనులు కూడా ఆగిపోతాయి. పైగా ధరణిలో మొదట తహసీల్దారుకు తప్పు దిద్దే అధికారమే లేదు. ఒక్కో రకం అర్జీకి ఒక్కో విభాగంగా మాడ్యూళ్లు ఒక్కొక్కటే కలుపుతూ పోయారు. ఏ గోడు ఏ మాడ్యూల్లో పెట్టాలో మీసేవ వాళ్లకే అర్థమయ్యేది కాదు.

1984లో పటేల్, పట్వారీ, కరణం కొలువులు ఆర్డినెన్సుతో రద్దయినప్పుడూ ఇంతే. బ్యాంకులో క్యాష్ చూసే మనిషి మారితే తాళాలు, లెక్క ఇద్దరి సంతకాలతో చేతులు మారతాయి. ఊరంత ఆస్తికి ఆ పాటి పద్ధతి లేదు.

జీపీవోల్లో పాత వీఆర్వోలు, వాళ్ల కింద పనిచేసిన వీఆర్ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) ఉన్నారు గానీ అందరూ పాత ఊళ్లకే రాలేదు. అందుకని ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక అప్పగింత నోటు రాయించాలి. ఏ నంబర్లో తేడా ఉంది, ఎందుకు వచ్చింది, 2017 భూ రికార్డుల ప్రక్షాళనలో పార్ట్-బిలో (వివాదాలున్న భూముల జాబితాలో) ఎందుకు పెట్టారు, సాదా బైనామా (తెల్ల కాగితం మీద రాసుకున్న కొనుగోలు) దరఖాస్తు ఎక్కడ ఆగింది, ఏ దారి మీద తగాదా ఉంది, ఇవన్నీ అందులో ఉండాలి. పాత వీఆర్వో ఇప్పుడు ఏ శాఖలో ఉన్నా వారం రోజులు పిలిపించి, కొత్త జీపీవోతో కలిసి పొలాల వెంట తిప్పి, ఇద్దరితో సంతకం పెట్టించాలి. చెప్పిందల్లా నిజమని తీసుకోమనడం లేదు, సర్వేయరు కొలిచి చూసుకుంటాడు. కనీసం ఎక్కడ కొలవాలో తెలుస్తుంది.

భూ భారతిని ముందుగా మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలాల్లో పరీక్షించారు. అక్కడ ఏ రకం అర్జీలు తిరస్కరించారో, కారణమేమిటో మిగతా తహసీల్దార్లకు రాతపూర్వకంగా పంపితే ఒకే చిక్కును ప్రతి మండలం మొదటినుంచీ విప్పుకునే పని తప్పుతుంది.

అప్పటి వీఆర్వోల్లో కొందరికి రిటైర్మెంటు దగ్గరపడుతోంది. ఈ నోట్లు వచ్చే వానాకాలం లోపే రాయించాలని రెవెన్యూ శాఖను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, ఖమ్మం జిల్లా