గీత గీశారు, హద్దురాళ్లు పాతలేదు

సంపాదకులకు,

ఇథియోపియా, ఎరిట్రియా ఉద్రిక్తతల మీద మన పత్రికల్లో వచ్చే వార్తలన్నీ ఎర్ర సముద్రం, ఎరిట్రియాలోని అసబ్ రేవు చుట్టూనే తిరుగుతున్నాయి. 1993లో ఎరిట్రియా విడిపోవడంతో ఇథియోపియాకు తీరం లేకుండా పోయింది. దాని విదేశీ సరుకులో తొంభై శాతానికి పైగా పొరుగు దేశం జిబూతీ మీదుగానే నడుస్తోంది. అందుకే 2023 అక్టోబరులో ప్రధాని అబియ్ అహ్మద్ రేవు మాటెత్తితే అంత కలకలం రేగింది. అయితే ఈ రెండు దేశాల మధ్య ఏ ఒప్పందమూ ఎందుకు నిలవడం లేదో తెలియాలంటే ముందు సరిహద్దు సంగతి చూడాలి.

1998 మేలో సరిహద్దు ఊరు బాద్మే దగ్గర మొదలైన యుద్ధం రెండేళ్లలో పదుల వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2000 డిసెంబరు 12న అల్జీర్స్‌లో ఒప్పందం కుదిరింది. ఐదుగురు సభ్యుల కమిషన్, ఎరిట్రియా ఇటలీ చేతిలో ఉన్నప్పటి 1900, 1902, 1908 ఒప్పందాల ప్రకారం హద్దు తేల్చాలి, సొంత సర్దుబాట్లు చేయకూడదు, దాని తీర్పే అంతిమం అని ఇద్దరూ సంతకాలు పెట్టారు. 2002 ఏప్రిల్ 13న వచ్చిన తీర్పు గీత ప్రకారం బాద్మే ఎరిట్రియా వైపు పడింది. ఇథియోపియా దాన్ని అమలు కానివ్వలేదు. ఆ తర్వాతి చిక్కులన్నిటికీ మూలం అక్కడే ఉంది.

పొలం తగాదాలో కోర్టు డిక్రీ ఇచ్చినా సర్వేయరు వచ్చి రాళ్లు పాతనిదే గొడవ తీరదు. ఇక్కడ రాళ్లు పాతాలంటే మందుపాతరలు తీయాలి, సర్వే బృందాలను రెండు సైన్యాలూ రానివ్వాలి. ఆ పని ముందుకు సాగలేదు. చివరికి 2007 నవంబరులో పటం మీది అక్షాంశ, రేఖాంశాలనే హద్దుగా ఎంచి కమిషన్ తన పని ముగించుకుంది.

ఈలోగా ఐరాస శాంతి దళాల కాపలాలో ఉన్న 25 కిలోమీటర్ల పట్టీ మొత్తం ఎరిట్రియా నేలమీదే ఉంది. తీర్పులో గెలిచినవాడి భూమే కాపలా కింద ఉండిపోవడంతో ఎరిట్రియా రాజధాని అస్మారాలోని ప్రభుత్వం ఆ కోపం దళాల మీద చూపింది. 2005 అక్టోబరులో హెలికాప్టర్లను ఎగరనివ్వలేదు, 2007 చివర్లో డీజిల్ ఆపేసింది. 2008 జులైతో ఐరాస ఆ దళాల పనిని ముగించింది. మన భారత బెటాలియన్ కూడా అందులో పనిచేసింది. కోపంలో న్యాయం ఉన్నా, సాక్షులను పంపించేయడం ఎరిట్రియాకే నష్టం.

2018 జులై 9న అబియ్, ఎరిట్రియా అధ్యక్షుడు ఇసయాస్ అఫ్‌వెర్కీ అస్మారాలో చేతులు కలిపారు. సెప్టెంబరు 11న సరిహద్దు ఊరు జలాంబెస్సా దగ్గర దారి తెరిచారు. టెఫ్ అనే ధాన్యం, సిమెంటు లారీలు అస్మారాకు బారులు తీరాయి. కానీ సుంకం ఎంతో, వీసా కావాలో వద్దో, ఇథియోపియా కరెన్సీ బిర్‌కు ఎరిట్రియా కరెన్సీ నక్ఫాలు ఎన్నో, ఏదీ తేల్చలేదు. 1997లో ఎరిట్రియా నక్ఫాను తెచ్చినప్పుడు వ్యాపారం దెబ్బతిన్నది సరిగ్గా ఈ లెక్కల దగ్గరే. 2019 ఏప్రిల్ నాటికి తెరిచిన దారులన్నీ మళ్లీ మూతపడ్డాయి.

2020లో ఎరిట్రియాను ఆనుకుని ఉన్న ఇథియోపియా ప్రాంతం టిగ్రేలో యుద్ధం మొదలయ్యాక ఎరిట్రియా సైన్యం బాద్మేలోకి వచ్చింది. తీర్పుతో చేతికి రాని ఊరు తుపాకీతో వచ్చింది. 2022 నవంబరు 2న ప్రిటోరియాలో ఆ యుద్ధాన్ని ఆపిన ఒప్పందం ఇథియోపియా ప్రభుత్వానికి, దానితో పోరాడిన టిగ్రే పార్టీ టీపీఎల్‌ఎఫ్‌కు మధ్య జరిగింది. అందులో ఎరిట్రియా సంతకమే లేదు.

ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో తెలుగు అధ్యాపకులు చాలామంది పనిచేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. వాటిలో మెకెల్లె, అడిగ్రాట్, అక్సుమ్ టిగ్రేలోనే ఉన్నాయి. 2020లో అక్కడ ఫోన్లు, ఇంటర్నెట్, బ్యాంకులు, విమానాలు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ వైపు వెళ్లేవారు అడిస్ అబాబాలోని మన రాయబార కార్యాలయంలో ముందే పేరు నమోదు చేసుకోవాలి, కొన్ని వారాలకు సరిపడా నగదు దగ్గర ఉంచుకోవాలి. మీ పత్రిక ఈ వార్తలు రాసేటప్పుడు రేవు గురించి నాయకులు అన్న మాటలతో పాటు, ఏ సరిహద్దు దారి తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, సైన్యాలు ఏ ఊళ్లలో ఉన్నాయి అన్నవి కూడా ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం