మా చెల్లెలి బిడ్డకు హెచ్‌ఐవీ లేదు: మీ అందరికీ కృతజ్ఞతలు

పద్దెనిమిది నెలల పరీక్షలోనూ మా చెల్లెలి కొడుక్కి నెగెటివ్ వచ్చింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం సిబ్బందికి, కౌన్సిలర్ మేడమ్‌కు, మా ఊరి ఆశా కార్యకర్తకు ఇంటిల్లిపాది తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చెల్లెలి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు ఎందుకు రాయలేదో మీకు తెలుసు.

చెల్లెలికి హెచ్‌ఐవీ ఉన్న విషయం గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో బయటపడింది. అప్పటిదాకా చెల్లెలు రోజూ పత్తి చేలో పని చేస్తూ ఆరోగ్యంగానే ఉంది. ఆమె భర్త, మా మరిదికి మాత్రం వదలని దగ్గు, మనిషి చిక్కిపోయాడు. పరీక్షిస్తే క్షయ కూడా ఉందన్నారు. ఒకే జబ్బయితే ఒకరు అలా, ఒకరు ఇలా ఎందుకున్నారని అమ్మ అడిగింది. మేడమ్ విసుక్కోకుండా చెప్పారు. వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, మెడ దగ్గర గ్రంథుల వాపు వచ్చి వాటంతట అవే తగ్గిపోతాయి. కొందరికి అవీ ఉండవు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పైకి ఏమీ కనిపించదు, లోపల మాత్రం జబ్బులతో పోరాడే సీడీ4 అనే రక్తకణాలు తగ్గుతూ పోతాయి. ఘన మిల్లీమీటరు రక్తంలో అవి 200 కంటే తక్కువకు పడిపోతే ఎయిడ్స్ దశ. ఒంట్లో శక్తి సన్నగిల్లే కొద్దీ క్షయ లాంటివి అదను చూసి మీద పడతాయి. మనిషిని చూసి ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, రక్తపరీక్షే చెప్పాలి.

కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరికి వాడిన సూది, పరీక్షించని రక్తం, తల్లి నుంచి బిడ్డకు: ఇవీ సోకే దారులు. కలిసి తింటే రాదు, దోమ కుట్టినా రాదు. అమ్మ విడిగా తీసిపెట్టిన కంచం, గ్లాసు ఆ సాయంత్రమే అందరి గిన్నెల్లో కలిశాయి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న మాట ఇంట్లో రాజుకోబోతే, "ముందు బిడ్డ సంగతి చూద్దాం" అని మేడమ్ అక్కడికక్కడే ఆపారు. ఆ ఒక్క మాట మా చెల్లెలి కాపురం నిలబెట్టిందని నా నమ్మకం.

మందులు వాడకపోతే వంద మంది తల్లుల్లో 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకవచ్చు. సరిగ్గా వాడితే అయిదుగురి లోపే. చెల్లెలు ఒక్క పూట మాత్ర తప్పలేదు. నెలలు నిండాక ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు కాన్పు చేసేది లేదన్నారు. అలా వివక్ష చూపడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టానికి విరుద్ధమని మేడమ్ చెబితేనే మాకు తెలిసింది. కాన్పు ఎంజీఎంలో జరిగింది, అక్కడ నర్సులు ఎవరూ మొహం చిట్లించలేదు.

బాబుకు వైరస్ సోకకుండా ఆరు వారాలు నెవిరపిన్ అనే మందు సిరప్ పట్టాం. సిరంజి మీద గీత ఎక్కడిదాకా రావాలో చూపు సరిగ్గా ఆనని అమ్మకు ఆశా అక్క గోటితో తడిమించి నేర్పింది. ఆరో వారంలో పరీక్ష కోసం వాడి మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను అట్ట మీది గుండ్రాల్లో ఒక్కొక్కటిగా నింపి ఆరబెట్టారు. వైరస్‌ను ఎదుర్కోవడానికి తల్లి ఒంట్లో తయారై బిడ్డకు చేరిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో నెలల తరబడి ఉంటాయి కనుక ఖాయంగా చెప్పడానికి పద్దెనిమిది నెలలు ఆగాలట. ఆగాం.

మరిది క్షయ మందుల కోర్సు పూర్తి చేసి మళ్లీ పనిలోకి వెళుతున్నాడు. ఇద్దరూ ఏఆర్‌టీ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ప్రభుత్వం 2004 నుంచి వాటిని ఉచితంగా ఇస్తోంది. మీకైనా, మీవాళ్లకైనా అనుమానం ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. డబ్బు పడదు, మీ వివరాలు బయటికి పోవు.