రవళికి, తాబేలు రాకముందే

హనుమకొండ,
9 నవంబరు 2025.

చిరంజీవి రవళికి మీ బాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ పరాయి దేశంలో నీ క్షేమ సమాచారం తెలిసి నేటికి 19 రోజులైంది. ఈ లెక్క నేను పెట్టింది కాదు, గోడ క్యాలెండరు మీద మీ అమ్మ పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టింది. ఫోనులో మాట్లాడదామంటే నీకేమో మీటింగులు, నాకేమో ఎడమ చెవి, ఆ రెండూ లేని రోజున మీ అమ్మ ఫోను లాక్కుంటుంది. చెప్పదలచుకున్న మాట ఎప్పుడూ సగంలోనే ఆగిపోతోంది గనుక, వెనకటిలాగా కాగితం మీద పెడుతున్నాను. నవీన్ దీన్ని ఫొటో తీసి నీకు పంపుతాడు.

సంగతి నీ స్టేటస్‌లో కనబడిన ఆ బల్ల గురించి. నాలుగు పక్కలా చెక్కలు కొట్టి, లోపల మట్టి పోసి, పైన బల్బు వేలాడదీసిన ఆ బల్లను చూసి మీ మేనత్త, పిల్ల గదిలోనే వ్యవసాయం మొదలుపెట్టిందని ఒకరితోను, కోడిగుడ్లు పొదిగిస్తోందని మరొకరితోను చెప్పుకొచ్చింది. నవీన్ నోరు విప్పితే గాని అది తాబేలుకు కడుతున్న ఇల్లని మాకు తెలియలేదు. దానికి రాజన్న అని పేరు కూడా ఖాయం చేశావట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మీ బాపమ్మ నీలాంటి వాళ్ళను చూసే అనేది. పైగా నువ్వు తెచ్చుకోబోయే హెర్మన్ జాతి (నేల మీద తిరిగే రకం) తాబేలు పిల్ల ఆడదో మగదో తేలడానికే కొన్నేళ్ళు పడుతుంది. రాజన్న రేపు రాజవ్వ అయితే ఏం చేస్తావు?

నాకు కోపమేమీ లేదు. 31 ఏళ్ళు బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, ఒక ప్రాణిని పెంచుకోవద్దని ఏ నోటితో అంటాను? అయితే నీ గది ఎంతదో నాకు తెలుసు. మంచం మీద నుంచి లేవకుండానే చెయ్యి చాపి స్టవ్ ఆర్పడం వీడియోలో చూసిన నాడే నాకు దాని కొలత అర్థమైంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల పిల్ల తాబేలుకు సరిపోతుంది గాని, పెరిగిన తాబేలు దాదాపు జానెడు ఉంటుంది, దానికి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు కావాలంటారు. అంటే నీ మంచం తీసేసి దానికి చోటివ్వాలి. అప్పుడు నువ్వు ఎక్కడ పడుకుంటావు? బల్లకు అద్దం కాక చెక్క గోడలు పెట్టడం మాత్రం మంచి పని. తాబేలుకు అద్దం అనేది ఒకటుందని తెలియదు, అవతల కనబడుతున్న చోటికి పోదామని రోజంతా దాన్ని గీరుతూనే ఉంటుంది.

బల్లను కిటికీ పక్కన వేశావు, ఎండ తగులుతుందని కాబోలు. కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది గాని, ఒంట్లో డి విటమిన్ తయారు కావడానికి అవసరమైన అతినీలలోహిత 'బి' కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. ఆ విటమిన్ లేనినాడు ఎంత కాల్షియం పెట్టినా ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది. అందుకని ఆ కిరణాలిచ్చే ప్రత్యేకమైన ట్యూబు రోజుకు 12 గంటలు వెలగాలి. ఆరు నెలలకో ఏడాదికో, ఆ కంపెనీ చెప్పిన గడువుకు, దాన్ని మార్చాలి. పాత ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, కిరణాలు మాత్రం తగ్గిపోతాయి, కంటికి తేడా తెలియదు. వేడి బల్బు కింద 30 నుంచి 32 డిగ్రీలు, రెండో చివర 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, ఎందుకంటే దానికి వేడి కావలసినప్పుడు ఇటు, చల్లదనం కావలసినప్పుడు అటు నడిచిపోవడం తప్ప వేరే దారి లేదు. అందుకని రెండు చివర్లా రెండు థర్మామీటర్లు పెట్టు. కరెంటు బిల్లుకు భయపడి నువ్వు హీటరు వేయకుండా రెండు స్వెట్టర్లు తొడుక్కుని కూర్చుంటున్నావని కూడా నవీన్ చెప్పాడు. తాబేలుకు 32 డిగ్రీలు, నీకు స్వెట్టర్లా బిడ్డా?

మీ అమ్మ మనసు తిండి మీదే ఉంది. గంగవాయిలి కూర విత్తనాలు పంపుదామని పొట్లం కట్టింది. అందులోనూ, పాలకూరలోనూ ఉండే ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి అందనివ్వవని చెప్పి నేనే ఆపాను. అక్కడ పార్కుల్లో పచ్చపూలు పూసే డాండిలయన్ ఆకులు, మందు చల్లని చోటివి, దానికి శ్రేష్ఠమైన తిండి. మందార ఆకులు, పూలు కూడా తింటుంది. పండ్లు పెట్టవద్దు, పాలు, రొట్టె అసలే వద్దు. ఆకుల మీద కాల్షియం పొడి చల్లు. పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గడ్డం మునగనంత లోతులో, దాన్ని తరచు కూర్చోబెట్టు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు, పిల్లలకు జబ్బులొస్తున్నాయని అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. నీ వంట, పడక, తాబేలు అన్నీ ఒకే గదిలో గనుక మరీ మరీ చెబుతున్నాను. ఆ పళ్ళాన్ని నీ గిన్నెలతో కలిపి కడగకు.

ఒక్కటే ఉంటే పాపం దిగులు పడుతుంది, జత తెచ్చుకొమ్మని మీ అమ్మ అంటోంది. వద్దు. చిన్న చోటులో రెండుంటే ఒకటి రెండోదాన్ని తిననివ్వదు, కరుస్తుంది, గుద్దుతుంది. ఒంటరిగా ఉండటం తాబేలుకు బాధ కాదు. తాబేలుకు.

నవీన్ కూడా ఈ ఊపులో, మనమూ ఒక నక్షత్ర తాబేలును తెచ్చుకుందామన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసి వాడికి అరగంట పాఠం చెప్పాను. మన దేశంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, ఇంట్లో పెట్టుకోవడమంటే పులిని పెట్టుకున్నట్టే లెక్క. మీ దగ్గర హెర్మన్ తాబేలును పెంచుకోవచ్చు గాని, ఆర్టికల్ 10 సర్టిఫికెట్, అంటే సర్కారు ఇచ్చే అమ్మకపు అనుమతి కాగితం, లేనిదే అమ్మకూడదు. నువ్వు ఆ కాగితాన్ని, మైక్రోచిప్ నంబరు ఉంటే దాన్ని కూడా సరిచూసుకుని గాని డబ్బు చేతిలో పెట్టకు. ఇంటి యజమానిని అడిగావా?

1972 అనగానే నాకు ఇంకొకటి గుర్తుకు వస్తుంది. చేదబావి తాబేలును కరువులో నేను కాపాడిన కథ నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పానో నీకే తెలుసు. అందులో సగం అబద్ధం. నీళ్ళలో పురుగులను తింటుందని మా తాత ఎప్పుడో బావిలో వేసిన తాబేలు అది. ఆ ఏడు వానలు లేక బావి అడుగుకు పోయి బురద మిగిలితే, మా చిన్నాయన తాడు పట్టుకుని దిగి, దాన్ని గంపలో పెట్టి పైకి పంపాడు. చెరువులోనో వాగులోనో వేద్దామంటే అవీ ఎండిపోయి ఉన్నాయి. నేను పెంచుతానని ఏడ్చి, పట్టుబట్టి, దొడ్డిలో కొట్టం కింద ఉన్న గోలెంలో సగం నీళ్ళు పోసి వేశాను. నాకప్పుడు 13 ఏళ్ళు. మొదటి వారం వాడకట్టు పిల్లలందరూ మా ఇంట్లోనే. గోలెం మూత తీసి చూపించడానికి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో గోలీ తీసుకున్నాను. జొన్న గట్క ముద్దలు చేసి వేసేవాణ్ణి, అది తింటుందో లేదో చూసే ఓపిక లేదు. నెల తిరిగేసరికి గోలీలు ఇచ్చేవాళ్ళూ లేరు, నాకు సరదా కూడా తీరిపోయింది. కరువులో కడవ నీళ్ళు మైలు దూరం నుంచి మోసుకొచ్చి, దాని నీళ్ళు మార్చింది మీ బాపమ్మే. రాత్రిపూట అది గోలెం గోడలను గీరుతుంటే ఆ చప్పుడు ఇంట్లోకి వినబడేది. నేను దుప్పటి మీదికి లాక్కునేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ చప్పుడు ఆగిపోయింది. మీ బాపమ్మ దాన్ని ఎత్తి చూస్తే కళ్ళు వాచి ఉన్నాయి, డిప్ప వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ఎండ సోకని కొట్టం కింద, గట్క తిని, ఇంకెలా ఉంటుంది? ఈ సంగతి నేను పాఠంగా చదువుకున్నది మాత్రం పదేళ్ళ తరువాత. ఆ తెల్లవారే ఆమె తడిపిన గోనెసంచిలో దాన్ని చుట్టి, నన్ను వెంటబెట్టుకుని, నర్సంపేట దాటి పాకాల చెరువుకు తీసుకెళ్ళింది. దారిలో నేను, పెద్ద గోలెం కొందామని అంటే, "దానికి గోలెం గాదు కొడకా, బావి గావాలె" అన్నది, అంతే, తిట్టలేదు. ఒడ్డున వదిలితే చాలాసేపు కదలలేదు. తరువాత మెల్లగా బురదలోకి పోయింది. బతికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నీకు చెప్పిన కథలో మాత్రం అది ఈదుకుంటూ పోయి వెనక్కి తిరిగి చూసేది.

ఇది నిన్ను భయపెట్టడానికి రాయలేదు. నీది నా వంటి ఆరంభ శూరత్వం కాదు, తెలుసు. నాకు పట్టుకున్నది దాని వయసు. బాగా చూసుకుంటే హెర్మన్ తాబేలు 50 ఏళ్ళు దాటి బతుకుతుంది. నీకిప్పుడు 27. సెయింట్ హెలీనా ద్వీపంలోని జొనాథన్ అనే తాబేలయితే 1832 ప్రాంతంలో, మనకు నాసిరుద్దౌలా నిజాంగా ఉన్న కాలంలో పుట్టిందని అంచనా. అది వేరే జాతి, అయినా ఈ లెక్కలు మొదలుపెడితే నిద్ర పట్టదు. రెండేళ్ళు ఉండి వస్తానని వెళ్ళిన మనిషి 50 ఏళ్ళ ప్రాణిని ఎందుకు తెచ్చుకుంటుంది? అక్కడి ఎగుమతి అనుమతి, ఇక్కడి దిగుమతి అనుమతి లేకుండా అది విమానం ఎక్కదు. నవీన్ ఈ మాట అనలేదు, మీ అమ్మా అనలేదు. ఆమె సున్నాలు చుడుతోంది, అంతే. నువ్వు అక్కడే ఉండిపోదలచుకుంటే అదీ ఒక మాటే, వింటాం. బల్లను చూసి మేము ఊహించుకునేలా మాత్రం చెయ్యకు.

మేడారం జాతర జనవరి 28న మొదలవుతుంది, వస్తానని నువ్వే అన్నావు. ఇప్పుడు తాబేలు పిల్లను తెచ్చుకుంటే ఆ పదిహేను రోజులు దాన్ని ఎవరి మీద వదిలి వస్తావు? కాబట్టి జాతర చూసుకుని వెళ్ళి, మార్చిలో చలి తగ్గాక తెచ్చుకో. బల్లను అప్పటిదాకా ఖాళీగానే ఉంచి, బల్బు వేసి, రాత్రి పగలు వేడి ఎంత నిలుస్తోందో కాగితం మీద రాసుకో. వచ్చే చలికాలం నాటికి దాన్ని 5 డిగ్రీల చుట్టూ ఫ్రిజ్‌లో నిద్రపుచ్చడం గురించి వెటర్నరీ డాక్టరును అడుగుదువు గాని. పిల్లను నీ అంతట నువ్వు ఫ్రిజ్‌లో పెట్టకు. ఆ పని చేసే రోజున దానికి వేరే ఫ్రిజ్ కొను, పెరుగు గిన్నె పక్కన పెట్టకు.

ఇంకొకటి. తాబేలును వారం వారం గ్రాముల లెక్కన తూచి రాసుకోవాలట, కాటా కొనే ఉంటావు. మనుషులను తూచేది కూడా ఒకటి కొను. మీ అమ్మ సమ్మక్కకు నీ ఎత్తు బంగారం, అదే నీ బరువంత బెల్లం, మొక్కుకుంది, ఎన్ని కిలోలు కావాలో దుకాణంలో ముందుగా చెప్పి ఉంచాలి. స్వెట్టర్లు విప్పి తూచుకుని, ఈ ఆదివారం లోపల చెప్పు.

ఆశీస్సులతో,
మీ బాపు