గ్దాన్స్క్ వీకెండ్: ఈ సీజన్‌లో మా ప్లాన్‌లో ఏం తీసేశాం, ఎందుకు తీసేశాం

అందరికీ నమస్కారం. పోలండ్‌లోని గ్దాన్స్క్ ఊరికి ఫీజు తీసుకుని రెండు రోజుల వీకెండ్ ప్లాన్ వేసిచ్చేది మేమిద్దరం. ఎండలు రాగానే పోలండ్ సముద్రతీరం మీదికి అందరికీ మనసు పోతుంది. బెర్లిన్ నుంచి, వార్సా నుంచి రోజూ ఎవరో ఒకరు "గ్దాన్స్క్ ప్లాన్ పాతదేనా? ఫీజు అంతేనా?" అని అడుగుతున్నారు. రెండూ మారాయి. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా టైప్ చేసే ఓపిక మా ఇద్దరికీ లేదు కాబట్టి అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ మాల్‌బోర్క్ కోట మీదే వస్తోంది కాబట్టి ముందు అది. రెండు రోజుల ప్లాన్‌లోంచి దాన్ని తీసేశాం. కోట బాగోలేక కాదు. ట్యూటానిక్ నైట్స్ అనే క్రైస్తవ యోధుల సంఘం 13వ శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టిన ఎర్ర ఇటుకల కోట అది. విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్దదంటారు. 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. గ్దాన్స్క్ నుంచి రైల్లో సుమారు ముప్పావు గంట. "ముప్పావు గంటే కదండీ, ఇరికించెయ్యండి" అంటారు అందరూ. కానీ ఆడియో గైడ్ చెవిలో పెట్టుకుని లోపల తిరగడానికే మూడు గంటలు కావాలి. స్టేషన్ నుంచి నడక, తిరుగు రైలు కోసం కాపలా, మధ్యలో భోజనం, ఇవన్నీ కలిపితే ఆదివారం గోవిందా. ఇక గ్దాన్స్క్‌కి మిగిలేది శనివారం ఒక్కటే. కోట చూసే తీరాలి అనుకునేవాళ్ళు సోమవారం సెలవు పెట్టుకుని రండి, మూడు రోజుల ప్లాన్ వేసిస్తాం. రెండు రోజుల్లో మాత్రం ఎంత అడిగినా పెట్టం.

అలాగే మ్యూజియంలు. ఇక్కడ పెద్దవి రెండున్నాయి: 2017లో తెరిచిన రెండో ప్రపంచ యుద్ధ మ్యూజియం, 2014లో తెరిచిన యూరోపియన్ సాలిడారిటీ సెంటర్. ఇకమీదట వీటిలో ఒక్కటే ప్లాన్‌లో ఉంటుంది. ఏది కావాలో మీరే చెప్పండి. యుద్ధ మ్యూజియంలో అసలు ప్రదర్శన భూమికి 14 మీటర్ల లోపల ఉంటుంది. మూడు గంటలు తిరిగి పైకొచ్చేసరికి కాళ్ళకన్నా మనసు ఎక్కువ అలిసిపోతుంది. చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళకి నేను వద్దనే చెప్తున్నాను. నన్నడిగితే సాలిడారిటీ సెంటర్‌కే ఓటు వేస్తాను. ఇందులో నా పక్షపాతం కొంత ఉంది. నాది గాజువాక. స్టీల్‌ప్లాంట్ గేట్ల దగ్గర ధర్నాలు, యూనియన్ జెండాలు చూస్తూ పెరిగినవాడికి ఆ సెంటర్ గోడల మీద ఉన్నది కొత్త కథలా అనిపించదు.

1980 ఆగస్టులో ఇక్కడి లెనిన్ షిప్‌యార్డ్‌లో అన్నా వలెంటినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్‌ని, రిటైర్మెంట్‌కి ఇంకా కొన్ని నెలలే ఉండగా ఉద్యోగంలోంచి తీసేశారు. దానిమీద కార్మికులు సమ్మెకి దిగారు. అంతకుముందే ఉద్యోగం పోయిన లెక్ వాలెసా అనే ఎలక్ట్రీషియన్ లోపలికొచ్చి సమ్మెకి నాయకుడయ్యాడు. కార్మికులు తమ 21 డిమాండ్లనీ చెక్క పలకల మీద రాసి గేటుకి కట్టారు. ఆ పలకలు ఇప్పుడు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో ఉన్నాయి. ఆగస్టు 31న ప్రభుత్వం దిగొచ్చి సంతకం పెట్టింది. సోవియట్ కూటమి దేశాల్లో ప్రభుత్వంతో సంబంధం లేని మొదటి కార్మిక సంఘం, సాలిడారిటీ, అలా పుట్టింది. పదేళ్ళకి ఆ ఎలక్ట్రీషియనే దేశాధ్యక్షుడయ్యాడు. మీరు విమానంలో వస్తే దిగేది ఆయన పేరు పెట్టిన ఎయిర్‌పోర్టులోనే. సెంటర్ బయట మూడు పొడవాటి శిలువల స్మారకం కనిపిస్తుంది. అది 1970 డిసెంబర్‌లో కాల్పుల్లో చనిపోయిన కార్మికుల కోసం కట్టింది. టికెట్ కొనకపోయినా అక్కడిదాకా నడిచి వెళ్ళండి.

ఊరి మధ్యభాగం గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఇది అక్కడికి వెళ్ళాక తెలిసి కొందరు నిరుత్సాహపడుతున్నారు. ద్వూగి తార్గ్ వీధిలో రంగురంగుల ఇళ్ళు, నెప్ట్యూన్ ఫౌంటెన్, మోత్వావా నది ఒడ్డున పాత చెక్క క్రేన్... ఫోటోల్లో మీరు చూసేది ఇదే. 1945లో ఈ భాగమంతా దాదాపు నేలమట్టమైంది. ఇప్పుడు కనిపించే ఇళ్ళలో ఎక్కువ శాతం యుద్ధం తర్వాత పాత రూపంలో మళ్ళీ కట్టినవే. "అంటే డూప్లికేటా?" అని ఒక కస్టమర్ మొహం మీదే అడిగారు. అలా అనుకుంటే అలాగే. నాకైతే కాలిపోయిన ఊరిని ఇటుక ఇటుకా పేర్చి నిలబెట్టుకోవడమే చూడాల్సిన విషయం. అయినా పాతవి అస్సలు లేకపోలేదు. సెయింట్ మేరీ చర్చి కప్పు కాలిపోయినా గోడలు చాలావరకు నిలబడ్డాయి. దాని గోపురం ఎక్కాలంటే నాలుగు వందలకి పైగా మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కింద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించండి. మీరు వచ్చేదాకా పక్కనే మరియాత్స్కా వీధిలో అంబర్ షాపులు చూస్తుంటారు.

అంబర్ సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. మా కస్టమర్లని పంపితే కమిషన్ ఇస్తామని షాపులవాళ్ళు అడిగారు. తీసుకోవడం లేదు. అందుకే "ఏ షాపులో కొనాలి" అనే ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. కొనేదాకా పోకుండా అంబర్ అంటే ఏంటో తెలుసుకోవాలనుంటే గ్రేట్ మిల్‌లో అంబర్ మ్యూజియం ఉంది. నాలుగు కోట్ల ఏళ్ళ నాటి చెట్ల బంక అందులో మెరుస్తుంటుంది, కొన్నిట్లో దోమలు కూడా ఉంటాయి.

ఆదివారం పొద్దున సోపోట్ అనే బీచ్ ఊరు. లోకల్ రైల్లో ఇరవై నిమిషాలు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ మీద మెషిన్‌లో ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా కట్టాలి. సుమారు 511 మీటర్ల పొడవున్న అక్కడి చెక్క వంతెన సముద్రంలోకి వెళ్తుంది, సీజన్‌లో దానిమీద నడవడానికి డబ్బులు తీసుకుంటారు. సముద్రంలో స్నానం అనే ఆశ మాత్రం ఇంట్లోనే వదిలి రండి. ఆగస్టులో కూడా బాల్టిక్ నీళ్ళు వణికిస్తాయి. ఆర్కే బీచ్ ఊహించుకుని వచ్చేవాళ్ళు మా దగ్గర ఈ ప్లాన్ తీసుకోకపోవడమే మంచిది.

వెస్టర్‌ప్లాట్టే అడిగినవాళ్ళకే పెడతాం. 1939 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున జర్మన్ యుద్ధనౌక ష్లెస్విగ్-హోల్‌స్టైన్ కాల్పులు మొదలుపెట్టిన చోటు అది. సుమారు రెండు వందల మంది పోలిష్ సైనికులు ఏడు రోజులు నిలబడ్డారు. ఇప్పుడు అక్కడ ఉన్నవి శిథిలాలు, ఒక స్తూపం. చరిత్ర చదువుకుని వెళ్తే ఒళ్ళు జలదరిస్తుంది, లేదంటే పడవ ప్రయాణం బాగుంది అనుకుని తిరిగొస్తారు. సోపోట్ దాటాక వచ్చే గ్దీనియా కూడా అంతే, ఓడల మీద ఇష్టమున్నవాళ్ళకే. మన నేవీలో నలభై ఏళ్ళు పనిచేసి 2024 జనవరిలో పోర్ట్‌బ్లెయిర్‌లో విశ్రాంతి తీసుకున్న చీతా, గుల్దార్, కుంభీర్ అనే నౌకల్ని కట్టింది అక్కడే. వైజాగ్ నేవీ కుటుంబాలవాళ్ళు ఉంటే చెప్పండి, గ్దీనియాకి ఒక పూట సర్దుతాం.

తిండి టెన్షన్ గురించి. శాకాహారులకి పిరోగీలు ఉన్నాయి, మన కజ్జికాయ ఆకారంలో ఉడికించినవి. "రుస్కియే" అని అడిగితే లోపల బంగాళాదుంప, జున్నులాంటి చీజ్ ఉంటాయి. కానీ పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లి తెస్తారు. "బెజ్ స్క్వారెక్" అని గట్టిగా చెప్పండి. తక్కువలో కడుపు నిండాలంటే బార్ మ్లెచ్‌నీ అని రాసి ఉన్న క్యాంటీన్లు వెతకండి, బార్ అన్నారు కదా అని భయపడొద్దు, సూపులు, దోసకాయ సలాడ్లు, బంగాళాదుంప అట్లు దొరికే చోటు. పెరుగన్నం లేనిదే నిద్రపట్టని వాళ్ళకి షాపుల్లో మష్లాంకా అనే మజ్జిగ దొరుకుతుంది. మా ఆవిడ దాంతోనే మజ్జిగ పులుసు పెట్టేస్తుంది. ఇవన్నీ శనివారమే కొనేయండి. పోలండ్‌లో ఆదివారాలు సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, చిన్న కొట్లు కొన్నే తెరుస్తారు.

ఇక డబ్బు. కుటుంబానికి మా ఫీజు 40 యూరోల నుంచి 50 అవుతోంది. విద్యార్థులకి 20 యూరోలే, మార్చడం లేదు. హోటల్, రైలు టికెట్లు మీ పేరు మీద మీరే బుక్ చేసుకుంటారు. వాటిలో మాకు ఒక్క రూపాయి రాదు కాబట్టి ఫీజు పెంచడం తప్పితే వేరే దారి లేదు. జులై చివర మొదలై మూడు వారాలు సాగే సెయింట్ డొమినిక్ జాతరకి గ్దాన్స్క్‌లో గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. 1260 నుంచి ఉన్న జాతర, చూడాల్సిందే, కానీ ఆ రోజుల్లో బడ్జెట్ ప్లాన్ అడిగితే మేం చేయగలిగింది ఏమీ లేదు. మే, సెప్టెంబర్ నెలలు మేలు. డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ కోసం వచ్చేవాళ్ళు మూడున్నరకల్లా పొద్దు పోతుందని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ నడిచేది జ్వోతీలు, యూరోలు కావు. ఏటీఎం గానీ కార్డు మెషిన్ గానీ "యూరోల్లో తీసుకోమంటారా" అని అడిగితే వద్దని జ్వోతీలే నొక్కండి, లేకపోతే మారకం రేటులో నష్టపోతారు.

వార్సా నుంచి వేగంగా వచ్చే రైలు మూడు గంటల లోపు తెస్తుంది, శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరినా చాలు. బెర్లిన్ నుంచి నేరుగా వచ్చే రైలుకి సుమారు ఆరు గంటలు, కాబట్టి శుక్రవారం సగం రోజు సెలవు పెట్టాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా ఇక్కడికీ పనికొస్తుంది, ఇన్సూరెన్స్ కాగితం మాత్రం వెంట ఉంచండి. లండన్, డబ్లిన్ వాళ్ళు ఇండియన్ పాస్‌పోర్టు మీద ఉంటే విడిగా షెంగెన్ వీసా తీసుకోవాలి. అది చేతికొచ్చాకే మాకు ఫీజు కట్టండి.

మెసేజ్ పెట్టేటప్పుడు ఎంతమంది, పిల్లల వయసు, మెట్లు ఎక్కలేనివాళ్ళు ఉన్నారా, రెండు మ్యూజియంలలో ఏది, ఇవి రాస్తే చాలు. పాస్‌పోర్టు ఫోటోలు పంపకండి, మాకు అక్కర్లేదు. వీసా లేదా రెసిడెన్స్ కార్డు గడువు తేదీ ఒక్కటి చెప్పండి. జవాబు రెండు రోజుల్లో వస్తుంది, ఆదివారం తప్ప.